లాట్స్, లోడ్స్, టన్స్, హీప్స్, ప్లెంటీ: "మస్తు" అని ఇంగ్లీష్‌లో చెప్పాలంటే ఏ మాట ఎక్కడ వాడాలి?

"చాలా" అనడానికి తెలుగులో మనకి మాటల కరువు లేదు. మస్తు, బోలెడు, దండిగా, శానా, కుప్పలు తెప్పలు, కోకొల్లలు, బండెడు, లెక్కలేనన్ని, ఇంకా ఎన్నో. ఏది ఎప్పుడు అనాలో మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పెళ్లికొచ్చిన జనం గురించైతే ఇసకేస్తే రాలలేదంటాం, ఊరి నుంచొచ్చిన పచ్చళ్ల గురించైతే బోలెడన్ని అంటాం, నోరు దానంతట అదే ఎంచుకుంటది. అదే మనిషి హైటెక్ సిటీలో కాల్‌లో కూర్చుని ఇంగ్లీష్ మొదలుపెట్టగానే "టూ మచ్ వర్క్", "సో మెనీ ఇష్యూస్", "వెరీ మచ్ క్రౌడ్" అని ఈ మూడింటి చుట్టే తిరుగుతుంటాడు. తెలివి లేక కాదు, మిగతా మాటలు తెలియకా కాదు. ఏది వాడితే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న డౌట్ వల్ల.

నెట్‌లో వెతికితే పొడుగు పొడుగు లిస్టులు దొరుకుతాయ్, ఎ లాట్ ఆఫ్ నుంచి గజిలియన్ దాకా, కానీ ఏది ఎంచుకోవాలో ఎవరూ చెప్పరు. అన్నీ ఒకటే అన్నట్టు వరుసగా రాసి వదిలేస్తారు. అవి ఒకటి కావు. అందుకే ఇది రాస్తున్నా, అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ (బయటి దేశాలకి పోవడానికి రాసే ఇంగ్లీష్ పరీక్ష) కోచింగ్‌కి పోయేవాళ్లకి, క్లయింట్ కాల్స్‌లో మాట్లాడేవాళ్లకి, పిల్లల్ని బయటికి పంపిన ఇళ్లలో వీడియో కాల్ చేసేవాళ్లకి కూడా పనికొచ్చేలా.

ముందు చూసుకోవాల్సినవి

ఒకటి, ఎవరితో మాట్లాడుతున్నాం. దోస్తులతో చాట్ వేరు, మేనేజర్‌కి మెయిల్ వేరు, పరీక్ష పేపర్ వేరు.

రెండు, ఏ దేశం వాళ్లతో. బ్రిటన్‌లో రోజూ వినిపించే మాట అమెరికాలో కొంచెం వింతగా ఉంటది, ఆస్ట్రేలియా వాళ్ల ఫేవరెట్ మాట ఇంకొకటి.

మూడు, మనం చెప్పేది లెక్కపెట్టగలిగేదా కాదా. మనుషులు, ఫైళ్లు, బగ్స్ (సాఫ్ట్‌వేర్‌లో లోపాలు) లెక్కపెట్టొచ్చు. నీళ్లు, టైమ్, డబ్బు, ట్రాఫిక్ ఇంగ్లీష్ గ్రామర్ ప్రకారం లెక్కపెట్టలేం. కొన్ని మాటలు రెండింటికీ సరిపోతాయ్, కొన్ని సరిపోవు.

నాలుగోది అందరూ మర్చిపోయేది, నా లెక్కలో అన్నింటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. మన మనసులో ఏముంది? ఊరికే "ఎక్కువుంది" అని చెప్తున్నామా, "సరిపోయేంత ఉంది, టెన్షన్ పడకు" అంటున్నామా, "ఇంత ఎక్కువైతే ఎలా" అని విసుక్కుంటున్నామా? తెలుగులో "చాలా" అన్న ఒక్క మాటే గొంతు మార్చి ఈ మూడు పనులూ చేస్తది. ఇంగ్లీష్‌లో ఈ మూడింటికి మాటలే వేరు. మనోళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, గ్రామర్ దగ్గర కాదు.

టూ మచ్, టూ మెనీ: ఇది కంప్లైంట్

హైదరాబాద్ ఇంగ్లీష్‌లో "టూ" అంటే "చాలా" అన్నట్టే అయిపోయింది. బిర్యానీ టూ గుడ్, సినిమా టూ మచ్, ఎగ్జిబిషన్‌లో టూ మెనీ స్టాల్స్. మన మధ్య ఏ ఇబ్బందీ లేదు, అందరికీ అర్థమయితది. బయటివాళ్లకి మాత్రం "టూ మచ్" అంటే "ఉండాల్సిన దానికంటే ఎక్కువ", అంటే అది సమస్య అని అర్థం. "ఐ హ్యావ్ టూ మచ్ వర్క్" అంటే "నాకు పని బాగా ఉంది" అని కాదు, "నేను మోయలేకపోతున్నా, కొంచెం తీసేయండి" అని. మీరు ఉత్సాహంగా "అవర్ టీమ్ గాట్ టూ మెనీ న్యూ ప్రాజెక్ట్స్" అన్నారనుకోండి, వినేవాళ్లు పాపం వీళ్ల మీద లోడ్ ఎక్కువైంది అనుకుంటారు. నిజంగా ఎక్కువైనప్పుడు వాడటానికి దాచుకోవాల్సిన మాట ఇది.

"సో మెనీ" అంత ప్రమాదం కాదు కానీ అందులో ఆశ్చర్యం ఉంటది. "దేర్ ఆర్ సో మెనీ పీపుల్!" అంటే "అబ్బో ఎంత మందో!" అన్నట్టు. మామూలుగా సమాచారం ఇస్తూ సో మెనీ, సో మెనీ అంటూ పోతే ప్రతిదానికీ ఆశ్చర్యపోతున్నట్టు వినిపిస్తది.

మరి స్కూల్లో నేర్పిన "మచ్", "మెనీ" సంగతేంటి? అవి ప్రశ్నల్లో, కాదు లేదు అనే వాక్యాల్లో హాయిగా ఒదుగుతాయ్. "డూ యూ హ్యావ్ మచ్ టైమ్?", "నాట్ మెనీ పీపుల్ కేమ్." మామూలు వాక్యంలో "ఐ హ్యావ్ మచ్ వర్క్" అంటే ఇంగ్లీష్ వాళ్ల చెవికి గ్రాంథికం విన్నట్టే ఉంటది. "మెనీ" రాతలో బాగానే ఉంటది, మాటల్లో కొంచెం బిగుసుకున్నట్టు ఉంటది. ఆ ఖాళీని నింపేదే తర్వాతి మాట.

ఎ లాట్ ఆఫ్, లాట్స్ ఆఫ్: ఎక్కడికైనా వేసుకుపోయే చెప్పుల జత

ఒక్కటే నేర్చుకుంటా, మిగతావి నావల్ల కాదు అనేవాళ్లు ఇదొక్కటి పట్టుకోండి. ఏ దేశమైనా సరే, లెక్కపెట్టగలిగేదైనా కాకపోయినా సరే, దోస్తైనా క్లయింటైనా సరే పనిచేస్తది. "ఎ లాట్ ఆఫ్ ట్రాఫిక్", "ఎ లాట్ ఆఫ్ ఫైల్స్", "ఎ లాట్ ఆఫ్ టైమ్." లాట్స్ ఆఫ్ కూడా అదే అర్థం, కాకపోతే కొంచెం హుషారుగా, ఇంకొంచెం మాటల భాషలా ఉంటది.

మాట్లాడేటప్పుడు తప్పులు రెండే. ఒకటి "ఎ లాట్స్ ఆఫ్" అని రెండూ కలిపేయడం, "ఎ" ఉంటే "లాట్", "లాట్స్" ఉంటే "ఎ" ఉండదు. రెండోది క్రియ. "ఎ లాట్" చూడటానికి ఏకవచనంలా ఉంది కదా అని "ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఈజ్" అనేస్తారు. క్రియ చూసేది లాట్‌ని కాదు, వెనకొచ్చే మాటని. పీపుల్ ఐతే "ఆర్", వాటర్ ఐతే "ఈజ్". "లాట్స్ ఆఫ్ టైమ్ ఈజ్ వేస్టెడ్" కరెక్టే. లోడ్స్, టన్స్, హీప్స్, ప్లెంటీ అన్నింటికీ ఇదే రూల్, ఒక్కసారి బుర్రలో పడితే మళ్లీ మళ్లీ చూసుకోనక్కర్లేదు.

రాసేటప్పుడు "ఎ", "లాట్" మధ్య ఖాళీ ఉండాలి, కలిపి రాస్తే స్పెల్లింగ్ తప్పు. వినేటప్పుడేమో అమెరికన్లు అది "ఎలాడా" అన్నట్టు కలిపి మింగేస్తారు, "ఎలాడా పీపుల్", "ఎలాడా మనీ". కొత్తగా కాల్స్‌లోకి వచ్చినవాళ్లకి ఇది కొత్త పదం అనిపిస్తది, కాదు, ఇదే.

లోడ్స్ ఆఫ్: బ్రిటన్ వాళ్ల మస్తు

లండన్, మాంచెస్టర్ క్లయింట్లతో పనిచేసేవాళ్లు ఇది రోజూ వింటూనే ఉంటారు. "వీవ్ గాట్ లోడ్స్ టు డూ", "లోడ్స్ ఆఫ్ టైమ్", "దట్స్ లోడ్స్ బెటర్." రెండు రకాల నామవాచకాలకీ వస్తది. చనువుగా, స్నేహంగా ఉంటది. మన నగరం శివార్లలో ఇసుక లోడు, కంకర లోడు అంటాం చూడండి, ఆ లోడే ఇది, బరువు మాత్రం వదిలేసి సంఖ్య ఉంచుకుంది.

ఒక్క జాగ్రత్త. "లోడ్స్ ఆఫ్" వేరు, "ఎ లోడ్ ఆఫ్" వేరు. ఏకవచనంలోకి రాగానే చాలాసార్లు తిట్టులోకి జారిపోతది, "ఎ లోడ్ ఆఫ్ రబ్బిష్", "ఎ లోడ్ ఆఫ్ నాన్సెన్స్" అన్నట్టు. "ఎ లోడ్ ఆఫ్ సజెషన్స్ ఫ్రమ్ యువర్ టీమ్" అని మెయిల్లో రాస్తే చదివేవాళ్లు నొచ్చుకునే చాన్స్ ఉంది. "లోడ్స్ ఆఫ్ సజెషన్స్" అంటే ఏ గొడవా లేదు.

టన్స్ ఆఫ్, ఎ టన్ ఆఫ్: అమెరికా వాళ్లది

లోడ్స్‌కి అమెరికన్ జోడీ ఇది. "ఎ టన్ ఆఫ్ ఫీడ్‌బ్యాక్", "టన్స్ ఆఫ్ డేటా." ఇక్కడ ఏకవచనంలో ఏ తిట్టూ లేదు, నిశ్చింతగా వాడొచ్చు. ఎ లాట్ ఆఫ్ కంటే ఒక మెట్టు ఎక్కువ, కొంచెం అతిశయోక్తి కలిసినట్టు.

టన్ను అసలు బరువు కూడా దేశానికొక లెక్క. అమెరికా టన్ను 2000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. పాత బ్రిటిష్ టన్ను 2240 పౌండ్లు, సుమారు 1016 కిలోలు. మనం వాడే మెట్రిక్ టన్ను 1000 కిలోలు. మాటల్లో దీంతో ఏం పనిలేదు కానీ లాజిస్టిక్స్, స్టీల్, సిమెంట్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు మాత్రం "టన్స్ ఆఫ్ మెటీరియల్" అని ఊరికే అనకండి. ఎదుటివాళ్లు "ఎన్ని టన్నులు?" అని సీరియస్‌గానే అడుగుతారు. అక్కడ ఎ లాట్ ఆఫ్ సేఫ్.

హీప్స్ ఆఫ్: మెల్‌బోర్న్, ఆక్లండ్ వైపు వెళ్లేవాళ్లకి

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఇది లేకుండా రోజు గడవదు. కుప్పలు అన్న అర్థమే, మన కుప్పలు తెప్పలుకి బాగా దగ్గర. "హీప్స్ ఆఫ్ పీపుల్", "హీప్స్ ఆఫ్ టైమ్", ఇంకా ముందుకెళ్లి "హీప్స్ బెటర్", "థ్యాంక్స్ హీప్స్." మాస్టర్స్‌కి అక్కడికి పోయిన మన పిల్లలు ఒక సెమిస్టర్ తిరిగేసరికి "హీప్స్" అంటుంటారు, ఇంట్లోవాళ్లకి అదేంటో అర్థం కాదు. బ్రిటన్‌లో కూడా అంటారు కానీ అక్కడ లోడ్స్‌దే పైచేయి. అమెరికా క్లయింట్‌తో వాడితే అర్థమయితది, కాకపోతే ఆ దేశపు మాట కాదని తెలిసిపోతది.

ఎ బంచ్ ఆఫ్: చూసి వాడండి

అమెరికన్ ఆఫీసుల్లో మస్తు వినిపిస్తది. "ఐ హ్యావ్ ఎ బంచ్ ఆఫ్ మీటింగ్స్ టుడే." ఇది అన్నింటికంటే చిన్న సైజు, "ఒక గుంపు", "కొన్ని కంటే ఎక్కువ" అన్నంత. లెక్కపెట్టగలిగే వాటికే బాగుంటది. బంచ్ ఆఫ్ ఫైల్స్ సరే, బంచ్ ఆఫ్ వాటర్ వద్దు.

మనుషుల గురించి వాడేటప్పుడు ఇంకా జాగ్రత్త. "ఎ గ్రేట్ బంచ్" అంటే మెచ్చుకోలు, "ఎ బంచ్ ఆఫ్ ఇడియట్స్" అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ముందున్న విశేషణాన్ని బట్టి రంగు మారిపోతది. పరిచయం లేనివాళ్ల గురించి "ఎ బంచ్ ఆఫ్ పీపుల్ ఫ్రమ్ యువర్ సైడ్" అంటే కొంచెం చిన్నచూపు చూసినట్టు వినిపించొచ్చు, "సెవరల్ పీపుల్" అనండి.

ప్లెంటీ ఆఫ్: ఇక్కడ కాసేపు ఆగాలి

లిస్టుల్లో దీన్ని లాట్స్ పక్కన పెట్టేస్తారు, అది సరికాదు. ప్లెంటీ అంటే "కావలసినంత, ఇంకా మిగిలేంత." మన "పుష్కలంగా" దీనికి సరిగ్గా సరిపోతది. అందులో ఒక భరోసా ఉంటది.

ఒక కాల్ ఊహించుకోండి. సాయంత్రం గచ్చిబౌలిలో టీమ్ లీడ్ అడుగుతున్నాడు, ఇంకో ఇద్దరు టెస్టర్స్‌ని పెట్టమంటారా అని. అటువైపు నుంచి క్లయింట్ "వీ హ్యావ్ ప్లెంటీ ఆఫ్ టెస్టర్స్" అంటాడు. లీడ్ నోట్స్‌లో "చాలామంది టెస్టర్స్ ఉన్నారు" అని రాసుకుంటాడు, వారం తర్వాత ఫాలోఅప్ మెయిల్లో మళ్లీ అదే ప్రపోజల్ పెడతాడు. ఆ క్లయింట్ అప్పుడే వద్దన్నాడు. మర్యాదగా అన్నాడు. "ప్లెంటీ" అన్న మాటలోనే "చాలు, ఇంక అక్కర్లేదు" ఉంది. భోజనాల దగ్గర "ఇంకొంచెం వడ్డించమంటారా" అంటే "నో థ్యాంక్స్, ఐవ్ హ్యాడ్ ప్లెంటీ" అనేది కూడా ఇందుకే.

కాబట్టి మనం మాట్లాడేటప్పుడు: టైమ్ ఉంది, బడ్జెట్ ఉంది, సీట్లున్నాయ్, కంగారు వద్దు అని చెప్పాలంటే ప్లెంటీని మించింది లేదు. "డోంట్ వరీ, వీ హ్యావ్ ప్లెంటీ ఆఫ్ టైమ్." చెడ్డ విషయాలకి మాత్రం ఆలోచించి వాడండి, "ప్లెంటీ ఆఫ్ బగ్స్" అంటే బగ్స్ సమృద్ధిగా ఉన్నాయని ఎత్తిపొడిచినట్టు వినిపించొచ్చు.

క్వైట్ ఎ ఫ్యూ: పేరుకి తక్కువ, అర్థం ఎక్కువ

ఈ ఒక్క మాట కోసమైనా ఈ గైడ్ చదవమంటాను. "ఫ్యూ" అంటే తక్కువ అని చిన్నప్పుడే నేర్చుకున్నాం, "ఎ ఫ్యూ" అంటే కొన్ని. "క్వైట్ ఎ ఫ్యూ" అంటే మాత్రం "బాగానే ఉన్నాయ్, చాలానే ఉన్నాయ్." క్లయింట్ శాంతంగా "దేర్ ఆర్ క్వైట్ ఎ ఫ్యూ ఓపెన్ డిఫెక్ట్స్" (ఇంకా సరిచేయని లోపాలు) అన్నాడంటే అది హెచ్చరిక. వినేవాళ్లు "కొన్నే ఉన్నాయట" అనుకుని ఊపిరి పీల్చుకుంటే తర్వాత ఎస్కలేషన్, అంటే పైవాళ్ల దాకా కంప్లైంట్, వస్తది. బ్రిటిష్ వాళ్లు ఇలాగే "ఎ ఫెయిర్ ఫ్యూ", "ఎ గుడ్ ఫ్యూ" అంటారు, అర్థం అటూ ఇటూగా అదే. లెక్కపెట్టలేని వాటికి "క్వైట్ ఎ బిట్ ఆఫ్", అక్కడ కూడా "బిట్" చూసి మోసపోవద్దు, బాగానే ఎక్కువని అర్థం.

మనం వాడటానికి కూడా ఇది మంచి మాట, ఆఫీసులో అతిశయోక్తి లేకుండా హుందాగా "ఎక్కువే" అనడానికి.

మిగతావి గబగబా

పైల్స్ ఆఫ్, స్టాక్స్ ఆఫ్: కాగితాలు, బట్టలు, ఫైళ్లు, పని. పైల్స్ అన్న మాట మనూళ్లో గోడ మీద క్లినిక్ యాడ్స్ వల్ల వేరే అర్థంలో పాతుకుపోయింది కాబట్టి లోకల్‌గా కొంచెం ఆలోచించి వాడండి. స్టాక్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి వేరే అర్థం ఉంది, అక్కడా తికమకే.

అంప్టీన్: విసుగు. "ఐ టోల్డ్ యూ అంప్టీన్ టైమ్స్", వందసార్లు చెప్పా అన్నట్టు. మన పేపర్లలో ఇంకా బాగా కనిపిస్తది. పైవాళ్లతో అస్సలు వద్దు.

జిలియన్, గజిలియన్, బజిలియన్: ఇవి నిజమైన సంఖ్యలు కావు, ఊరికే పుట్టించినవి. పిల్లలతో, దోస్తులతో సరదాకి బాగుంటాయ్.

ఊడుల్స్ ఆఫ్: తిండికి, డబ్బుకి, ముద్దుగా. కొంచెం పాతకాలం వాసన.

గలోర్: షాపుల యాడ్స్‌లో "ఆఫర్స్ గలోర్" చూస్తుంటాం. దీని ప్రత్యేకత ఏంటంటే వస్తువు పేరు తర్వాత వస్తది, ముందు రాదు. ఐరిష్ భాష నుంచి వచ్చింది, అక్కడి క్రమమే ఉండిపోయింది. "ఎ స్లూ ఆఫ్" కూడా ఐరిష్‌దే, గుంపు అన్న మాట నుంచి, అది ఎక్కువగా న్యూస్ హెడ్డింగుల్లో.

హెల్లా: బే ఏరియాలో ఉన్న మనవాళ్ల పిల్లల నోట వింటారు. ఉత్తర కాలిఫోర్నియా మాట. "హెల్లా పీపుల్", "హెల్లా ట్రాఫిక్." 2010లో దీన్ని 10 ఘాతం 27కి (1 పక్కన 27 సున్నాలు) కిలో, మెగా లాంటి సైన్స్ ఉపసర్గగా పెట్టమని అక్కడి ఒక స్టూడెంట్ ఆన్‌లైన్ పిటిషన్ నడిపాడు, గూగుల్ తన కాల్క్యులేటర్‌లో కూడా పెట్టింది. చివరికి 2022లో ఆ స్థానానికి అధికారికంగా వచ్చిన పేరు "రొన్నా". పెద్దవాళ్లు హెల్లా జోలికి పోకపోవడమే మంచిది, వినడానికి తెలిస్తే చాలు. బూతు కలిపి చెప్పే మాటలు కూడా ఇంగ్లీష్‌లో కొన్నున్నాయ్, సినిమాల్లో విని పట్టుకొచ్చి ఆఫీసులో అనొద్దు.

ఎన్ నంబర్ ఆఫ్: ఇది మనదేశపు ఇంగ్లీష్. మన ఇంజినీరింగ్ కాలేజీల నుంచి బయటికొచ్చిన ప్రతి ఒక్కరి నోట్లో ఉంటది. మనలో మనకి బాగుంది, బయటివాళ్లకి ఆ "ఎన్" ఏంటో తెలియదు. "ఎనీ నంబర్ ఆఫ్" అంటే వాళ్లకి అర్థమయితది, నోటికి కూడా దగ్గరే.

ఒకచోట చూసుకోవాలంటే

| మాట | ఎక్కడ ఎక్కువ | దేనికి | మెయిల్లో ఓకేనా | మనసులో భావం |
|---|---|---|---|---|
| ఎ లాట్ ఆఫ్ | అన్నిచోట్లా | రెండింటికీ | ఓకే | ఊరికే ఎక్కువ |
| లోడ్స్ ఆఫ్ | బ్రిటన్ | రెండింటికీ | తెలిసినవాళ్లకే | చనువు |
| టన్స్ ఆఫ్ | అమెరికా | రెండింటికీ | తెలిసినవాళ్లకే | కొంచెం అతిశయం |
| హీప్స్ ఆఫ్ | ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ | రెండింటికీ | తెలిసినవాళ్లకే | చనువు |
| ఎ బంచ్ ఆఫ్ | అమెరికా | లెక్కపెట్టేవాటికి | చూసి | ఒక మోస్తరు |
| ప్లెంటీ ఆఫ్ | అన్నిచోట్లా | రెండింటికీ | ఓకే | సరిపోయి మిగిలేంత |
| క్వైట్ ఎ ఫ్యూ | అన్నిచోట్లా | లెక్కపెట్టేవాటికి | ఓకే | అనుకున్నదానికంటే ఎక్కువే |
| టూ మెనీ, టూ మచ్ | అన్నిచోట్లా | మెనీ లెక్కకి, మచ్ మిగతాదానికి | నిజంగా సమస్య ఐతేనే | కంప్లైంట్ |

థ్యాంక్స్ చెప్పేటప్పుడు

ఇదే మాటలు థ్యాంక్స్ వెనక చేరితే లెక్క మారుతది. "థ్యాంక్స్ ఎ లాట్" బాగానే ఉంటది, కాకపోతే గొంతు కొంచెం వంకరగా పెడితే వెటకారం అయిపోతది. "థ్యాంక్స్ ఎ టన్" మన ఆఫీసుల్లో చాలామందికి అలవాటు, అమెరికాలోనూ నడుస్తది. "థ్యాంక్స్ ఎ బంచ్" మాత్రం తేడా. చాలాసార్లు వెటకారంగానే వాడతారు, "మంచి పనే చేశావులే" అన్నట్టు. మాట్లాడేటప్పుడైనా ముఖం చూసి అర్థం చేసుకుంటారు, మెయిల్లో ఆ ముఖం ఉండదు. కాబట్టి రాతలో "థ్యాంక్స్ ఎ బంచ్" వద్దే వద్దు, "థ్యాంక్ యూ సో మచ్" రాయండి.

మరి మీకేది?

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు: స్పీకింగ్ టెస్ట్ 11 నుంచి 14 నిమిషాలు, అది మాటలాడే పరీక్షే కాబట్టి లోడ్స్, టన్స్, ప్లెంటీ అన్నీ ఓకే, మార్కులు పోవు, సరిగ్గా వాడితే సహజంగా కూడా ఉంటది. రద్దీగా ఉండే చోటు గురించి చెప్పమన్నారనుకోండి. హైదరాబాద్ నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్ తీసుకోండి, 1938లో మొదలైంది, మామూలుగా జనవరి 1న తెరుస్తారు, అందరికీ తెలిసిన చోటు. "దేర్ ఆర్ లోడ్స్ ఆఫ్ స్టాల్స్" అని మొదలుపెట్టి, "క్వైట్ ఎ ఫ్యూ ఆఫ్ దెమ్ కమ్ ఆల్ ద వే ఫ్రమ్ కశ్మీర్", ఆ తర్వాత "దేర్స్ ప్లెంటీ టు ఈట్", చివర్లో నచ్చని విషయం ఒకటి, "ఆన్ సండేస్ దేర్ ఆర్ జస్ట్ టూ మెనీ పీపుల్." నాలుగు వాక్యాలు, నాలుగు మాటలు, నాలుగూ వేర్వేరు భావాలు. "సో మెనీ స్టాల్స్, సో మెనీ ఫుడ్స్, సో మెనీ పీపుల్" కంటే ఎంత తేడా ఉందో మీరే గట్టిగా చదివి చూడండి.

రైటింగ్‌లో ఇవి పక్కన పెట్టేయండి. టాస్క్ 2 ఎస్సే కనీసం 250 పదాలు, అందులో లోడ్స్, టన్స్ కనిపించకూడదు. "ఎ లార్జ్ నంబర్ ఆఫ్" లెక్కపెట్టేవాటికి, "ఎ గ్రేట్ డీల్ ఆఫ్" మిగతావాటికి, "ఎ కన్సిడరబుల్ అమౌంట్ ఆఫ్" డబ్బు, టైమ్ లాంటివాటికి. "అమౌంట్ ఆఫ్ పీపుల్" అని రాయకండి, మనుషులకి "నంబర్". జనరల్ ట్రైనింగ్ (ఐఈఎల్‌టీఎస్‌లో ఎక్కువగా పనికి, వలసకి పోయేవాళ్లు రాసే రకం) వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది, టాస్క్ 1లో ఫ్రెండ్‌కి లెటర్ వస్తే అక్కడ "లోడ్స్ ఆఫ్" రాస్తేనే అందం.

అమెరికా క్లయింట్‌తో ఉన్నవాళ్లకి నేను చెప్పేది, ఎ లాట్ ఆఫ్ మీద నిలబడి, చనువు పెరిగాక ఎ టన్ ఆఫ్ కలపండి. బ్రిటన్ వాళ్లతో ఐతే మాట్లాడటానికి లోడ్స్, వినడానికి క్వైట్ ఎ ఫ్యూ. బ్రిటిష్ వాళ్లు సమస్యని తగ్గించి చెప్తారు కాబట్టి ఆ రెండోది మీకు ఎక్కువ ముఖ్యం. ఆస్ట్రేలియాకి పోయేవాళ్లు హీప్స్ అలవాటు చేసుకోమని చెప్పక్కర్లేదు, అదే వచ్చేస్తది. మూడు దేశాల వాళ్లూ ఒకే కాల్‌లో ఉంటే ఎ లాట్ ఆఫ్, ప్లెంటీ ఆఫ్, అంతే.

ఇంట్లో చిన్నపిల్లలకి నేర్పేవాళ్లు ముందు "టూ" కి "వెరీ" కి తేడా నేర్పండి, ఆ తర్వాత లాట్స్ ఆఫ్. మిగతావి వాళ్లు కార్టూన్లు చూసి వాళ్లే తెచ్చుకుంటారు.

లక్షలు, కోట్ల దగ్గర

మనం "లక్షలమంది వచ్చారు" అంటాం, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద అది నిజం కూడా. "లాక్స్ ఆఫ్ పీపుల్" అంటే ఇండియాలో ఎక్కడైనా సరే. బయటివాళ్లకి "హండ్రెడ్స్ ఆఫ్ థౌజండ్స్ ఆఫ్ పీపుల్" అనాలి, పది లక్షలు దాటితే "ఓవర్ ఎ మిలియన్". బిలియన్ అంటే 100 కోట్లు. పాత బ్రిటిష్ పుస్తకాల్లో బిలియన్ అంటే లక్ష కోట్లు ఉండేది, 1974లో అక్కడి ప్రభుత్వం కూడా అమెరికా లెక్కలోకి మారింది, ఇప్పుడు ఇంగ్లీష్‌లో అందరికీ ఒకటే.

ఇంకో చిన్న గ్రామర్. అంకె చెప్తే "ఎస్" రాదు: "ఫైవ్ హండ్రెడ్ పీపుల్." అంకె చెప్పకపోతే "ఎస్", "ఆఫ్" రెండూ వస్తాయ్: "హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్." "ఫైవ్ హండ్రెడ్స్ పీపుల్" అనేది ఎక్కడా లేదు.

రెజ్యూమెలో, స్టేటస్ రిపోర్టులో, బిల్లు గురించిన మెయిల్లో మాత్రం పైన చెప్పిన మాటలేవీ వద్దు. "రిజాల్వ్‌డ్ టన్స్ ఆఫ్ టికెట్స్" (టికెట్ అంటే నమోదైన ఒక్కో సమస్య) అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే "ఎన్ని?" అని వస్తది. ఆ అంకె తెలిస్తే అదే రాసేయండి, తెలియకపోతే టికెట్ టూల్ ఓపెన్ చేసి ముందు లెక్క తీసుకోండి.